ఎర్ర సిరాతో మూడు సున్నాలు

ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో పీజీ) మొదటి సంవత్సరంలో నేను రాసిన ఫీల్డ్‌వర్క్ రికార్డుల కట్టలో నుంచి ఒక్క నివేదికను మాత్రం ఇప్పటికీ విడిగా దాచుకున్నాను. అందులో మా రికార్డులు దిద్దే మేడం ఎర్ర సిరాతో మూడుచోట్ల సున్నా చుట్టారు. ఇప్పుడు హనుమకొండలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తూ, ఏటా ఫీల్డ్‌వర్క్‌కు వచ్చే నలుగురైదుగురు విద్యార్థుల బాగోగులు చూసే బాధ్యత నామీద పడిన తర్వాత, ఆ సున్నాల గురించి రాయాలనిపించింది.

మాకు వారానికి రెండు రోజులు ఏదైనా సంస్థకు వెళ్లి పని నేర్చుకునే ఫీల్డ్‌వర్క్ ఉండేది. జంపఖానాలు నేసే కొత్తవాడ ప్రాంతంలో పనిచేసే ఒక సంస్థకు నన్ను పంపారు. వరంగల్ జంపఖానాలకు 2018లో జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పత్రికల్లో చదివినందున మగ్గాల మధ్య పెద్ద పనేదో నాకోసం ఎదురుచూస్తోందన్న ఊహతో వెళ్లాను. తీరా చూస్తే మొదటి రెండు వారాలు ఆఫీసు వరండాలోని బెంచీ మీదే గడిచాయి. మూడో వారం పాత సర్వే ఫారాలను కంప్యూటర్‌లో ఎక్కించమన్నారు. నాకు ఏజెన్సీలో, అంటే ఆ సంస్థలో, పని నేర్పడం లేదని మేడం దగ్గర ఫిర్యాదు చేస్తే, ఆమె ఓపికగా విని, “నాలుగు రోజులు ఆ బెంచీ మీద కూర్చున్నావు కదా, ఎవరెవరు వచ్చారు, ఏమడిగారు, ముందుగా ఎవరిని అడిగారు?” అన్నారు. ఒక్క ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత బెంచీ మీద నోటుబుక్కుతో కూర్చున్నాను. వచ్చినవారిలో ఎక్కువమంది వయసు మళ్లినవారని, వారు లోపలి గదిలోని సారును కాక ముందుగా ఊడ్చే ఆయమ్మను పలకరిస్తున్నారని, ఏ కాగితం లేదని మీసేవా నుంచి తిప్పి పంపారో ఆమెకే మొదట చెప్పుకుంటున్నారని అప్పుడు గాని తెలియలేదు. సర్వే ఫారాల సంగతీ అంతే. విసుక్కుంటూ ఎక్కించిన ఆ కాగితాల్లోనే, తల్లిదండ్రులు మగ్గం మీద ఉన్న ఇళ్లలో కొడుకులు ఆటో నడుపుతూనో హైదరాబాదులో వాచ్‌మన్‌గానో ఉన్న వరస కనిపించింది. అయితే విద్యార్థులను కూలి ఇవ్వనక్కరలేని డేటా ఆపరేటర్లుగా వాడుకునే సంస్థలను నేను సమర్థించడం లేదు. ఒక పూట ఆ పని చేసి, రెండో పూట ఇళ్ల సందర్శనకు తీసుకువెళ్లమని మర్యాదగానే, కానీ గట్టిగా అడగాలి. అడగని విద్యార్థికి సంవత్సరమంతా ఫారాలే మిగులుతాయి.

ఇక ఆ నివేదిక సంగతి. ఒక్కొక్కరి సమస్యను విడిగా విని సాయపడే కేస్‌వర్క్ కోసం ఒక అమ్మ ఇంటికి వెళ్లేదాన్ని. ఆమె పేరుగానీ, ఇల్లు ఆనవాలు పట్టే వివరంగానీ ఇక్కడ రాయను. భర్త పోయి రెండేళ్లయింది, పింఛను రాలేదు. ఆసరా పథకంలో వితంతువులకూ, యాభై ఏళ్లు దాటిన చేనేత కార్మికులకూ అప్పట్లో నెలకు 2,016 రూపాయలే వచ్చేది కాబట్టి సొమ్ములో తేడా లేదు, చూపించవలసిన కాగితాలే వేరు. ఏ దారిన వెళితే త్వరగా పనవుతుందో తేల్చడానికి నేను రెండు రోజులు తిరిగి, సర్వం తెలిసినదానిలా ఆమె ముందు కూర్చున్నాను. ఆ సంభాషణను ప్రాసెస్ రికార్డింగ్ పద్ధతిలో, అంటే ఎవరేమన్నదీ మాటకు మాటగా, ఆ రాత్రే రాశాను.

ఆమె అన్న మాట: “పింఛను సంగతి అట్లుంచు బిడ్డా, మా చిన్నోడు పది రోజులసంది ఇంటికొస్తలేడు.” దానికి నా మాట: “మీ ఇంటాయన డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ ఉన్నదా అమ్మా?” అక్కడ మొదటి సున్నా. కొంతసేపటికి ఆమె, “ఆయన ఉన్నప్పుడు వానికి జర భయముండె” అన్నారు. నేను రేషన్ కార్డులో ఆమె పేరు ఎలా రాసి ఉందో అడిగాను. రెండో సున్నా. ఆ తర్వాత ఆమె ఏమీ మాట్లాడలేదు. నేను నివేదిక చివర, “క్లయింట్ సహకరించలేదు” అని రాశాను. మూడో సున్నా ఆ వాక్యం చుట్టూ ఉంది, కాస్త పెద్దదిగా.

మార్కులు పోయాయనుకుంటూ, మేడంతో విడిగా కూర్చుని మాట్లాడే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్‌కు వెళ్లాను. మేడం మార్కుల ఊసే ఎత్తలేదు. “చిన్నోడు రావడం లేదని ఆమె అన్న నిమిషంలో నీకేమనిపించింది?” అని అడిగారు. చాలాసేపు ఆలోచించి, భయమేసిందని చెప్పాను. పింఛను గురించి నాకు తెలుసు, ఇల్లు విడిచిన కొడుకు గురించి ఏం చెయ్యాలో తెలియదు. అందుకే తెలిసినదాని వెనుక దాక్కున్నాను. కేస్‌వర్క్ సూత్రాలు ఏడూ నాకు కంఠతా వచ్చు, పరీక్షలో వరసగా రాయగలను. వాటిలో ‘అంగీకారం’, అంటే ఎదుటి మనిషిని ఉన్నదున్నట్టు స్వీకరించడం, ఒకటి. దాన్ని నేను ఎక్కడ తప్పానో తెలియాలంటే మాత్రం ఆ రెండు పేజీల రాత కావలసి వచ్చింది. ఇప్పుడు చాలామంది విద్యార్థులు రికార్డులను నెల చివర ఒక్క రాత్రి కూర్చుని, సీనియర్ల పాత రికార్డులు ముందు పెట్టుకుని రాస్తున్నారు. అలా రాసిన కాగితంలో సున్నా చుట్టడానికి చోటే ఉండదు, ఎందుకంటే అందులో అందరూ సహకరిస్తూనే ఉంటారు.

రెండో సంవత్సరం పిల్లల రక్షణకు సంబంధించిన చోట వేశారు. కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి దిక్కు తోచక తిరిగే పిల్లల విషయం అక్కడ తరచుగా వచ్చేది. అక్కడికి వెళ్లేవారు 2015 నాటి బాలల న్యాయ చట్టాన్ని ముందే చదువుకోవాలి. దొరికిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని, ఆ సమితిలో అధ్యక్షులు కాక మరో నలుగురు సభ్యులుంటారని, తుది నిర్ణయానికి కనీసం ముగ్గురు కూర్చోవాలని తెలియకుండా ఆ గదిలో కూర్చుంటే జరిగేదేమిటో అర్థం కాదు. ఇంకొక మాట కటువుగానే చెబుతాను. ఫీల్డ్‌వర్క్ చేశామని చూపించడానికి అక్కడి పిల్లలతో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ఉత్సాహం కాదు, నేరం. అలాంటి బిడ్డ ఎవరో బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది.

ఏజెన్సీ ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో జీరో టికెట్ వచ్చింది కాబట్టి, ఛార్జీలకు భయపడి హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కలే అడిగిన మా రోజులు పోయాయి. నర్సంపేట వైపో ములుగు వైపో అడగవచ్చు. తండాలో పడితే నాలుగు లంబాడీ మాటలు ముందే నేర్చుకుని వెళ్లడం మంచిది.

సెలవు తీసుకోవడం గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అందరూ అక్కడే తప్పుతారు. పరీక్షలు దగ్గరపడగానే విద్యార్థి రావడం మానేస్తాడు, ఆ ఇంట్లో వాళ్లు మంగళవారం రాగానే గుమ్మం వైపు చూస్తూనే ఉంటారు. కొత్తవాడ అమ్మకు నేను వెళ్లిపోయే తేదీని నెలన్నర ముందే చెప్పాను. సున్నాలు పడిన మరుసటి వారం కాగితాల సంచీ లేకుండా వెళ్లి కూర్చున్నందువల్లనేమో, ఆ సమయానికి ఆమె కొడుకు గురించి చాలా చెప్పి ఉన్నారు. అతను బతుకమ్మ పండుగకు వచ్చి, మళ్లీ వెళ్లిపోయాడు. పింఛను దరఖాస్తు చేరవలసిన చోటికి చేరింది, మంజూరు నేనున్నప్పుడు కాలేదు. ఇకమీదట ఎవరిని అడగాలో తెలిసేలా, చివరి రోజున మా సంస్థ కార్యకర్తను ఆమెకు పరిచయం చేసి వచ్చాను.

ఇప్పుడు మా దగ్గరికి కొత్త జట్టు వచ్చినప్పుడల్లా, ఊరూ పేరూ కొట్టేసిన ఆ రెండు పేజీల జిరాక్స్‌ను వాళ్ల చేతికిస్తాను. డెత్ సర్టిఫికెట్ మాట దగ్గరికి రాగానే అందరూ నవ్వుతారు. వాళ్లు నవ్వేదాకా ఆగి, ఎవరి రికార్డు పుస్తకం వాళ్లను తెరవమంటాను.