నోబెల్ వచ్చాక క్లాస్‌రూమ్ వైపు తిరిగిన సారు

అమెరికన్ ఫిజిక్స్ శాస్త్రవేత్త కార్ల్ వీమన్ గురించి ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా. 1995లో కొలరాడోలో ఎరిక్ కార్నెల్‌తో కలిసి రుబీడియం పరమాణువుల్ని దాదాపు సున్నా కెల్విన్ (అంతకంటే చల్లబరచలేని హద్దు, మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) దాకా చల్లబరిచి బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ (పరమాణువులన్నీ కలిసి ఒకే పరమాణువులా ప్రవర్తించే స్థితి) తయారుచేశారు, 2001లో నోబెల్ వచ్చింది, ఇంకొకరైతే ల్యాబ్‌లోనే ఉండిపోయేవాళ్ళేమో, ఈయన మాత్రం పిల్లలకి ఫిజిక్స్ ఎందుకు ఎక్కట్లేదన్న ప్రశ్న పట్టుకున్నారు.

2002లో ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ స్క్రీన్ మీదే చేసి చూసే సైన్స్ ప్రయోగాలు మొదలుపెట్టారు, అన్నీ ఫ్రీ. మొన్న మా తమ్ముడి కూతురికి అందులో కరెంటు సర్క్యూట్ ఓపెన్ చేసిచ్చా. బల్బు తీసేసి వైరుతో బ్యాటరీ రెండు చివర్లూ కలిపేసింది, స్క్రీన్ మీద భగ్గుమని మంట! "పెదనాన్నా, బల్బు లేకపోతే ఎందుకు అంటుకుంది?" అంది. రెసిస్టెన్స్ అంటే ఏంటో తనే అడిగి తెలుసుకుందన్నమాట, నాకు ఎంత సంతోషమేసిందో.

ఆయన టీమ్ 2011లో ఒక ప్రయోగం ప్రచురించింది, ఒకే సబ్జెక్టు, ఒక సెక్షన్‌కి మామూలు లెక్చర్, ఇంకోదానికి ప్రశ్నలూ చర్చలూ. టెస్టులో సగటు లెక్చర్ విన్నవాళ్ళకి 41 శాతం, ప్రశ్నలూ చర్చలతో నేర్చుకున్నవాళ్ళకి 74. పైగా లెక్చర్ ఇచ్చింది మంచి పేరున్న సీనియర్ ప్రొఫెసరు, రెండోవాళ్ళకి చెప్పింది పెద్దగా అనుభవం లేనివాళ్ళు!