పదిహేనేండ్లు పనిచేసిన ఎలక్ట్రీషియన్ని, నా ఇంట్ల సాకెట్ నేనే ముట్టుకోవద్దంట

దుబాయ్‌కి భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హమ్స్ ఉండాలె, లేదంటే 3,000 ఉండి కంపెనీ ఇల్లు ఇయ్యాలె. నా జీతం ఓటీ కలిపినా 2,200 దాటలే. ఎనిమిదేండ్లు సోనాపూర్ లేబర్ క్యాంపుల ఎనిమిది మంది ఉండే రూముల ఉన్న, రెండేండ్లకోసారి జగిత్యాలకు వచ్చుడు, రెండు నెలలు ఉండుడు, పిల్లకు కొంచెం అలవాటు అయ్యే టైంకు మల్ల బ్యాగు సర్దుడు. ఒకసారి నేను ఇంటికొస్తే మా పెద్దది అవ్వ కొంగు వెనక దాక్కొని "బాపు ఫోన్ల ఉంటడు గదా" అన్నది. అందరు నవ్విన్రు, నేను కూడ నవ్విన, ఇగ ఆ రాత్రి నిద్ర పట్టలే అని మాత్రం ఎవరికీ చెప్పలే.

ఆస్ట్రేలియా గురించి నాకు చెప్పింది మనోళ్లు కాదు, సైట్ల నాతోని పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ ఆయన. లంచ్ టైంల ఫోన్ల ఏదో చదువుకుంటుంటే ఏందిరా అని అడిగిన, స్కిల్ అసెస్మెంట్, అంటే వీసాకు ముందు మన పనితనం పరీక్షించుడు అని చెప్పిండు. అప్పటిదాంక నా బుర్రల ఆస్ట్రేలియా అంటే బీటెక్ చేసినోళ్లది, ఎమ్మెస్‌కు పోయేటోళ్లది. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు ఎవడిస్తడు అనుకున్న. ఆయన వీసా ఇచ్చే పనుల లిస్ట్ తీసి చూపిండు, కోడ్ 341111, ఎలక్ట్రీషియన్ జనరల్. మా చుట్టాలల్ల సాఫ్ట్‌వేర్ పిల్లలు ఏ వీసాకు పెడుతరో అదే లైన్ల మేము కూడ ఉన్నమని ఆ రోజు తెలిసింది.

మొదట చేసిన తప్పు చెప్త. హైదరాబాద్‌ల ఒక కన్సల్టెన్సీకి పోయిన. ఆరు లక్షలు అన్నడు, "అన్నా నువ్వేం ఫికర్ చేయకు, ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు మేమే తయారు చేస్తం" అన్నడు. అడ్వాన్స్ 40 వేలు కట్టినంక భయం అయింది, దొంగ కాగితం దొరికితే వీసా రిజెక్ట్ చేసుడే గాక మూడేండ్లు మల్ల ఇయ్యరు. ఆ 40 వేలు పోయినయ్, పోనీ. మీరెవరైనా ఏజెంట్ దగ్గరికి పోతే ముందు మారా (ఆస్ట్రేలియాల వీసా ఏజెంట్లను రిజిస్టర్ చేసే ఆఫీసు) రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుండ్రి, నంబర్ చెప్పకుంట మాట మారుస్తుంటే చాయ్ తాగి వచ్చేయుండ్రి.

అసలు కష్టం కాగితాలే. మన చేతిపనోళ్లకు పని వస్తది, కాగితం ఉండదు. ట్రేడ్ వాళ్లను అసెస్ చేసేది ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా, టీఆర్‌ఏ అంటరు. వాళ్లకు జీతం బ్యాంకుల పడ్డట్టు చూపాలె, ఏం పని చేసినవో మేనేజర్ లెటర్ల రాసియ్యాలె, ఆ లెటర్‌ల ఫోన్ నంబర్ ఉండాలె, వాళ్లు నిజంగనే ఫోన్ చేస్తరు. నేను 2007ల ఐటీఐ అయిపోంగనే హైదరాబాద్‌ల ఒక కాంట్రాక్టర్ కింద ఏడేండ్లు చేసిన, ఎన్ని అపార్ట్‌మెంట్లకు పైపులు కొట్టి వైర్లు లాగినమో లెక్కే లేదు, కాని శనివారం శనివారం చేతిల పైసలు పెట్టెటోడు, అంతే. పే స్లిప్ లేదు, పీఎఫ్ లేదు, ఆ కాంట్రాక్టర్ ఇప్పుడు ఎక్కడున్నడో కూడ తెల్వదు. ఆ ఏడేండ్లు నా బతుకుల ఉన్నయ్ గాని ఫైల్ల లెవ్వు. నేను తిట్టుకుంట బతికిన దుబాయే నన్ను కాపాడింది, ఎందుకంటే అక్కడ జీతం డబ్ల్యూపీఎస్ అనే సర్కారు పద్ధతిల బ్యాంకుకే పడాలె, ఎనిమిదేండ్ల స్టేట్‌మెంట్ ఒక్క నెల కూడ తప్పకుంట వచ్చింది.

ఆ అసెస్మెంట్‌ల ప్రాక్టికల్ పరీక్ష రోజు గురించి కొంచెం చెప్పాలె. స్టార్ డెల్టా స్టార్టర్ వైరింగ్, అది నాకు కండ్లు మూసుకొని వస్తది, మా బాపు బాయికాడి స్టార్టర్ ఎన్నిసార్లు విప్పిన్నో. ప్యానెల్ దగ్గరికి పోంగనే అలవాటు చొప్పున జేబుల నుంచి టెస్టర్ తీసిన, మనందరి దగ్గర ఉంటది గదా చిన్న లైటు వెలిగేది. అసెసర్ చెయ్యి అడ్డం పెట్టిండు. ఏంది అని చూస్తే, ఆఫ్ చేసినవా, లాక్ వేసినవా, ట్యాగ్ కట్టినవా, ఇప్పుడు మీటర్ తీయ్ అన్నడు. మీటర్ పెట్టబోతే మల్ల ఆపిండు, ఆ మీటర్ మంచిగ ఉందని నీకెట్ల తెలుసు? ముందు కరెంట్ ఉన్న దగ్గర పెట్టి మీటర్ పనిచేస్తుందో చూడాలె, తర్వాత నువ్వు పని చేసే దగ్గర కరెంట్ లేదని చూడాలె, మల్ల పోయి మీటర్ ఇంకా పనిచేస్తుందో చూడాలె. మూడుసార్లు. నాకు లోపల నవ్వొచ్చింది, గింత చేసే లోపల మా ఊర్ల నేను రెండు మోటార్లు బాగు చేస్త. కాని మా ఊర్ల పోల్ మీదనే పోయినోళ్లు ఇద్దరు నాకు తెలిసినోళ్లే ఉన్నరు, అది గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఇంగ్లీష్ సంగతి మా ఆమె చూసుకుంది. నాకే కాదు, ఆమె కూడ పీటీఈ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసింది. జగిత్యాలల ఒక ప్రైవేట్ స్కూల్ల ఆరు వేల జీతానికి టీచర్‌గ చేసేది, పిల్లలిద్దరు పండుకున్నంక రాత్రి పది నుంచి వీడియో కాల్ల నాకు రీడ్ అలౌడ్, రిపీట్ సెంటెన్స్ చేపిచ్చేది. "ఏమయ్యా, నువ్వు చదువుతున్నవా, మైకుల ఎలక్షన్ ప్రచారం చేస్తున్నవా" అనేది. వీసా పాయింట్ల లెక్క చెప్త, కనీసం 65 ఉండాలె. నా వయసుకు 25, ఐటీఐకి 10, దుబాయ్ అనుభవానికి 10 (అండ్ల మొదటి కొన్నేండ్లు కోసేస్తరు), సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం ఇచ్చిన నామినేషన్‌కు 15. ఎంతయింది? 60. నా ఇంగ్లీష్‌కు వచ్చింది సున్నా, పాస్ అయిన అంతే. మిగతా ఐదు పాయింట్లు మా ఆమె ఇంగ్లీష్‌వి. చుట్టాలందరు నేను వీళ్లను ఆస్ట్రేలియా తీస్కపోయిన అంటరు, లెక్క చూస్తే నన్ను దాటించింది ఆమె.

వీసా 491, ఐదేండ్లది, రీజనల్ ఏరియాలనే ఉండాలె, మూడేండ్లు నిబంధనల ప్రకారం ఉంటే తర్వాత పర్మనెంట్‌కు పెట్టుకోవచ్చు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ దీంట్ల రావు, అడిలైడ్ వస్తది. 2023ల పెట్టినప్పుడు ఫీజు నాకు 4,640 ఆస్ట్రేలియా డాలర్లు, ఆమెకు 2,320, పిల్లలకు ఒక్కొక్కరికి 1,160, మొత్తం 9,280, మన పైసలల్ల ఐదు లక్షల దాంక. మెడికల్స్, పోలీస్ క్లియరెన్స్, టీఆర్‌ఏ ఫీజులు, టికెట్లు వేరే. ఇరవై గుంటలు అమ్మినం. బాపు ఒక్క మాట కూడ అనలే, సంతకం పెట్టి బయటికొచ్చి బీడీ ముట్టిచ్చిండు.

2025 జనవరిల అడిలైడ్‌ల దిగినం. ఎయిర్‌పోర్ట్‌ల అవ్వ పెట్టిన కరివేపాకు కట్ట చెత్త డబ్బాల వేసిన్రు, దిగేటప్పుడు నింపే కార్డ్ మీద ముందే రాసిన కాబట్టి ఫైన్ పడలే. బయటికొస్తే నలభై డిగ్రీలు దాటిన ఎండ. మా ఆమె అన్నది, గింత దూరం వచ్చింది జగిత్యాల ఎండాకాలానికేనా అని.

ఇగ అసలు కథ. వీసా వచ్చింది అంటే పని చేయొచ్చు అనుకుంటరు గదా. వెల్డర్‌కు, ఫిట్టర్‌కు లైసెన్స్ బాధ లేదు, వచ్చినంక పనికి పోవచ్చు. ఎలక్ట్రీషియన్‌కు అట్ల కాదు. మాకు చేతికిచ్చేది ఓటీఎస్ఆర్ అని, మన పని వచ్చని రాసిచ్చే ఒక కాగితం, దాంతోని సూపర్‌విజన్ కింద మాత్రమే పని చేయాలె, ఇక్కడి రూల్స్ మీద గ్యాప్ ట్రైనింగ్ చేయాలె, ఏడాది అట్ల చేసినంక ఫుల్ లైసెన్స్. మరి సూపర్‌వైజ్ చేయనీకి ఒక కంపెనీ దొరకాలె గదా. ఫోన్ చేస్తే ఫస్ట్ ప్రశ్న, లోకల్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా? దిగి పది రోజులాయె, ఎక్కడి నుంచి తేవాలె. కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు మూడు నెలలు తిరిగిన. కన్‌స్ట్రక్షన్ సైట్లకు పోవాలంటే కావాల్సిన సేఫ్టీ కార్డ్, వైట్ కార్డ్ అంటరు, అది తీసుకున్న, ఒక గోడౌన్ల డబ్బాలు మోసిన. మా ఇంట్ల మొదటి జీతం తెచ్చింది మా ఆమె, ముసలోళ్ల హోమ్ కిచెన్ల, నాలుగో వారానికే. పొద్దుగాల ఆమెను డ్యూటీల దింపి, పెద్దదాన్ని స్కూల్ల వదిలి, చిన్నోణ్ణి పెట్టుకొని ఇంట్ల కూసున్న రోజులున్నయ్. ఎనిమిదేండ్లు పైసలు పంపిన మనిషిని, ఆమె కార్డ్ తోని పాలు కొంటుంటే ఏదోలాగ ఉండె. ఆమెకేం లేదు. "ఎనిమిదేండ్లు నేనొక్కదాన్నే పిల్లల్ని చూసిన, నువ్వు మూడు నెలలు చూడు" అన్నది.

పిల్లల సంగతి అంటే, స్కూల్ మొదటి వారం టిఫిన్ బాక్స్‌ల దోశ, పల్లీ చట్నీ పెట్టినం, సాయంత్రం చీటీ వచ్చింది, క్లాసుల ఒక పిల్లకు పల్లీలు పడవంట, ఎవ్వరు తేవద్దంట. టోపీ లేకపోతే ఆడుకోనియ్యరు, నీడల కూసోవాలె. ఇంగ్లీష్ గురించి భయపడ్డం గాని ఆర్నెల్లు కాకముందే మా పెద్దది నా ఇంగ్లీష్ సరిచేయబట్టింది.

ఏప్రిల్‌ల ఒక చిన్న కంపెనీ తీసుకుంది, ఓనరు, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒక అప్రెంటిస్. మొదటి రోజు సార్ అంటే ఓనర్ ఇబ్బంది పడ్డడు, పేరు పెట్టి పిలువు అన్నడు. నాకు పేరు నోట్ల నుంచి రానీకి రెండు నెలలు పట్టింది, అప్పటిదాంక ఏమీ పిలవకుంట ముందుకు పోయి నిలబడి మాట్లాడేది. ఏడింటికి పని మొదలు, పదింటికి స్మోకో, అంటే చాయ్ బ్రేక్, అది మాత్రం భూమి బద్దలైనా ఆగది. ఇరవై ఏండ్ల అప్రెంటిస్ పిల్లగాడు నాకు రూల్ బుక్ చెప్తుంటే మొదట మొదట మనసుకు పట్టేది. కాని నిజంగనే వేరే ఉంటది. ఫేజ్ అనరు, యాక్టివ్ అంటరు. మన రెడ్, ఎల్లో, బ్లూ ఫేజ్ వైర్లల్ల ఎల్లో ఉన్న దగ్గర ఇక్కడ తెల్ల వైరు, మన అలవాటుతోని చూస్తే పొరపాటు పడే ప్రమాదం ఉంది. ఎర్తింగ్ పద్ధతి వేరే, న్యూట్రల్‌ను, ఎర్త్‌ను మెయిన్ స్విచ్‌బోర్డ్‌ల కలుపుతరు.

అన్నిటికంటె నన్ను కదిలిచ్చింది ఆస్బెస్టాస్. ఒక పాత ఇంట్ల మీటర్ బోర్డ్‌కు రంధ్రం కొట్టనీకి డ్రిల్ తీసిన. ఓనర్ ఉరికి వచ్చి ఆపిండు. ఆ నల్ల బోర్డుల ఆస్బెస్టాస్ ఉంటదంట, పాత ఇండ్లల్ల చానా దగ్గర ఉంటది, ఈ దేశంల 2003 ఆఖరుతోని పూర్తిగ బ్యాన్. ఆ దుమ్ము ఊపిరితిత్తులల్ల కూసుంటే ముప్పై నలభై ఏండ్లకు కూడ రోగం బయటపడుతదంట. నేనేం మాట్లాడలే. మా ఊర్ల సగం ఇండ్లు సిమెంట్ రేకులే, అదే ఆస్బెస్టాస్. ఫ్యాన్ హుక్కుకు, సర్వీస్ వైర్‌కు ఎన్ని వందల రేకులకు రంధ్రం కొట్టి ఉంటనో, మూతికి దస్తీ కూడ లేకుంట, కింద నిచ్చెన పట్టుకొని బాపు మొఖం పైకి పెట్టి నిలబడేది. ఆ రాత్రి ఫోన్ చేసి గొడ్ల కొట్టం రేకులు ఎవ్వరు కోయొద్దు, పగలగొట్టొద్దు అని చెప్పిన. బాపు "మంచిది" అన్నడు, అంటే వినడు అన్నట్టు.

ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తుంది, ఇంకా నాలుగు నెలలు. పోయిన ఆదివారం మా కిచెన్ల సాకెట్, ఇక్కడ పవర్ పాయింట్ అంటరు, వదులై కుక్కర్ పెడితే చిటపట అంటుంది. రెండు స్క్రూలు, ఐదు నిమిషాల పని. కాని ఈ దేశంల లైసెన్స్ లేనోడు సొంత ఇంట్ల అయినా వైరింగ్ ముట్టుకోరాదు, మాది కిరాయిల్లాయె. రెంటల్ ఏజెంట్‌కు మెయిల్ పెట్టినం, మూడు రోజులకు ఒక పిల్లగాడు వచ్చిండు, పాతికేండ్లు ఉంటయో లేదో. ఆయన చేస్తుంటే నేను చేతులు కట్టుకొని పక్కకు నిలబడ్డ, మూడుసార్లు మీటర్ పెట్టి చూసిండు, ఒక్కటి కూడ తప్పలే, నాకే సంతోషం అయింది. నేను కూడ ఎలక్ట్రీషియన్నే అని చెప్పిన, చెయ్యి కలిపిండు, కొత్త సాకెట్ పెట్టి పోయిండు. చిన్నోడు అడిగిండు, బాపూ నీకు ఇది రాదా అని. నేను నోరు తెరిచే లోపల మా పెద్దది చెప్పింది, "వస్తది రా, కాని బాపుకు ఇంకా ఎల్ బోర్డే."

అదే రాత్రి ఊరి నుంచి వీడియో కాల్. బాయికాడ మోటార్ నడుస్తలేదంట, బాపు స్టార్టర్ డబ్బా తెరిచి ఫోన్ లోపలికి పెట్టి చూపిస్తున్నడు. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది, నాకు ఇక్కడికే కనిపిస్తుంది. ఆ ఎర్ర బటన్ నొక్కి రీసెట్ చేసి, పచ్చది నొక్కు బాపూ అన్న. నొక్కిండు, మోటార్ అందుకుంది, సరే ఉంటా అని కట్ చేసిండు. మా పెద్దది నా భుజం మీది నుంచి చూస్తుంది.

"బాపూ, తాతకు మెయిన్ ఆఫ్ చేయమని చెప్పినవా?"

చెప్పలే. మల్ల ఫోన్ చేసిన.