స్ప్రింగ్‌లో ఎక్స్‌ఎంఎల్ నుంచి జావా కాన్ఫిగరేషన్‌కు: నా అనుభవం

విశాఖపట్నం మధురవాడలో నేను పనిచేసే చిన్న సంస్థ, ఓడరేవుకు వచ్చిపోయే సరుకుల బిల్లులు తయారుచేసే జావా అప్లికేషన్‌ను చాలాకాలంగా నిర్వహిస్తోంది. ఇది స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌పై నడుస్తుంది. క్లాసుకు కావలసినదాన్ని కోడ్‌లోనే గుర్తుపెట్టి అడిగే ఆటోవైర్డ్ అనొటేషన్ 2007లోనే స్ప్రింగ్ 2.5తో వచ్చినా, మా కోడ్‌లో ఏ క్లాసుకు ఏ బీన్ (స్ప్రింగ్ తయారుచేసి అందించే ఆబ్జెక్టు) అందాలన్నది ఇటీవలి వరకూ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలోనే ఉండేది. దీన్ని స్ప్రింగ్‌పైనే కట్టిన స్ప్రింగ్ బూట్ 3.2కు మార్చి, డిపెండెన్సీ ఇంజెక్షన్‌ను, అంటే క్లాసులకు కావలసిన బీన్లను బయటినుంచి అందించే పద్ధతిని, జావా కాన్ఫిగరేషన్‌లోకి తెచ్చే పని నాకు అప్పగించారు. ఇందుకు ఇంటెలిజె ఐడియా అల్టిమేట్ అనే కోడ్ ఎడిటర్ వాడాను.

అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు. ఇంపోర్ట్‌రిసోర్స్ అనొటేషన్‌తో పాత ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను కొత్త కాన్ఫిగరేషన్ క్లాసులోకి తెచ్చుకుని, ఒక్కో మాడ్యూల్‌ను విడిగా మార్చుకుంటూ వెళ్లవచ్చు. ప్రతి బీన్ పక్కన ఎడిటర్ చూపే గుర్తును నొక్కితే అది ఎక్కడెక్కడ వాడుకలో ఉందో తెలిసిపోతుంది కాబట్టి, ఏ మాడ్యూల్‌తో మొదలుపెట్టాలో నిర్ణయించుకోవడం తేలికైంది.

ఇంజెక్షన్ అంతా కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడే నడిచే కోడ్) ద్వారానే జరగాలని ముందే నిశ్చయించుకున్నాను. క్లాసులో కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే, 2016లో వచ్చిన స్ప్రింగ్ 4.3 నుంచి దానికి అనొటేషన్ కూడా అవసరం లేదు. ఇలా మార్చగానే బిల్లుల సర్వీసు, ఖాతాల సర్వీసు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయని బయటపడింది. ఇన్నాళ్లూ సెట్టర్ల (ఆబ్జెక్టు తయారయ్యాక విలువలు పెట్టే మెథడ్‌ల) చాటున దాగిన సంగతి అది. స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి, ఒక ప్రాపర్టీతో ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, ఇలాంటి వలయాలకు అనుమతి లేదు. "ఆ ప్రాపర్టీ ఒక్కటి ట్రూ చేసేస్తే సరిపోతుంది కదండీ" అన్నారు మా సీనియర్ ఒకరు. కానీ ఆ ప్రాపర్టీ సెట్టర్, ఫీల్డ్ ఇంజెక్షన్లకే ఉపకరిస్తుంది తప్ప, రెండువైపులా కన్‌స్ట్రక్టర్లే ఉన్న వలయాన్ని విప్పలేదు. అందుకే రెండింటికీ కావలసిన లెక్కల భాగాన్ని మూడో క్లాసులోకి విడదీశాను.

అసలు చిక్కు రేట్ల దగ్గర వచ్చింది. దిగుమతి, ఎగుమతి రేట్లకు ఒకే ఇంటర్‌ఫేస్‌తో రెండు బీన్లున్నాయి. ఒకే రకం బీన్లు ఒకటికి మించి దొరికినప్పుడు, పారామీటర్ పేరుతో సరిపోయే బీన్‌ను స్ప్రింగ్ ఎంచుకుంటుంది. ఎడిటర్ కూడా ఆ నియమాన్నే పాటిస్తుంది కాబట్టి అక్కడ ఒక్క హెచ్చరికైనా కనిపించలేదు. అప్లికేషన్ మాత్రం ఏ బీన్ కావాలో తేలక మొదలవుతూనే ఆగిపోయింది. బూట్ 3.2కు ఆధారమైన స్ప్రింగ్ 6.1, పారామీటర్ల పేర్లను డీబగ్ సమాచారం నుంచి చదివే పాత పద్ధతిని వదిలేసింది. కంపైలర్‌కు పారామీటర్స్ ఫ్లాగ్ ఇస్తేనే ఆ పేర్లు క్లాస్ ఫైలులో నిలుస్తాయి. స్ప్రింగ్ బూట్ వారి పేరెంట్ పామ్ (బిల్డ్ టూల్ మావెన్‌కు ఉమ్మడి సెట్టింగులిచ్చే ఫైలు) ఆ ఫ్లాగ్‌ను తానే ఇస్తుంది గానీ, మా ప్రాజెక్టు సంస్థ సొంత పేరెంట్ పామ్‌పై నడుస్తోంది. మావెన్ కంపైలర్ ప్లగిన్‌లో ఫ్లాగ్ చేర్చగానే అప్లికేషన్ లేచింది. అయినా డబ్బు లెక్కలను ఒక పారామీటర్ పేరుకు వదిలేయడం నాకు నచ్చలేదు; రేట్లు అందుకునే ప్రతిచోటా, ఏ బీన్ కావాలో పేరుతో చెప్పే క్వాలిఫయర్ పెట్టాను.

ఎడిటర్ కోడ్‌ను చదివి చెబుతుంది, అప్లికేషన్‌ను నడిపి కాదు. ప్రొఫైల్‌ను (టెస్టింగ్, ప్రొడక్షన్ వంటి సెట్టింగుల సమూహాన్ని) బట్టి మారే బీన్ల విషయంలో, ఏ ప్రొఫైల్ అమల్లో ఉందో దానికి మనమే చెప్పాలి. ప్రాపర్టీ విలువను బట్టి స్ప్రింగ్ బూట్ తానే చేర్చే ఆటో కాన్ఫిగరేషన్ బీన్ల కోసం, అప్లికేషన్‌ను డీబగ్ ఆప్షన్‌తో మొదలుపెట్టి, ఏ షరతు నెగ్గిందో, ఏది తప్పిందో చూపే నివేదికనే నమ్ముకున్నాను.

చివరి ఎక్స్‌ఎంఎల్ ఫైలును, దాన్ని తెచ్చే ఇంపోర్ట్‌రిసోర్స్ వరుసను తొలగించే ముందు, తొలగించిన తరువాత, నడుస్తున్న అప్లికేషన్ వివరాలు చూపే స్ప్రింగ్ బూట్ భాగమైన యాక్చువేటర్‌లోని బీన్స్ ఎండ్‌పాయింట్ ఇచ్చే జాబితాలను పక్కపక్కన పెట్టి చూశాను. కొత్త జాబితాలో లేనివన్నీ ఏ క్లాసూ వాడని పాత బీన్లే కావడంతో, మార్పును రివ్యూకు పంపాను.