బావ మాటా, 75 అడుగులూ

2025 జనవరిలో జెట్టూ సైన్యం హెలికాప్టరూ ఢీకొన్నది వాషింగ్టన్ రేగన్ ఎయిర్‌పోర్టు పక్కనే. అక్కడి 33వ నంబరు రన్‌వే పొట్టిది, 5,200 అడుగులు. పెద్దది ఏడు వేల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఎక్కువ విమానాలు దాని మీదే దిగుతాయి. రద్దీ వేళల్లో మాత్రం టవర్ వాళ్ళు చిన్న జెట్ల పైలట్లని "33 మీద దిగుతారా?" అని అడుగుతారు. సరేనంటే, దక్షిణం నుంచి వచ్చే విమానం కాస్త కుడికి జరిగి, పొటోమాక్ తూర్పు ఒడ్డు మీదుగా ఎడమకి తిరిగి, నది దాటి దిగుతుంది. నేనుండేది ఆర్లింగ్టన్‌లో. సెలవొస్తే గ్రావెల్లీ పాయింట్ పార్కులో కూర్చుని విమానాలు చూసే పిచ్చి ఒకటుంది.

ఆ ఎడమ మలుపు కిందుగానే హెలికాప్టర్ల దారి ఉండేది. మ్యాపులో దాని పేరు రూట్ 4. తూర్పు ఒడ్డు వెంబడే పోవాలి, 200 అడుగులు దాటకూడదు. సరైన వాలులో 33కి దిగే విమానానికీ, 200 అడుగుల మీద పోయే హెలికాప్టరుకీ మధ్య ఎంత ఎడం మిగులుతుందో అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ లెక్కగట్టింది. మహా అయితే 75 అడుగులు. ఏడంతస్తుల అపార్ట్‌మెంటు ఎత్తు! ఎత్తు చూపించే మీటర్ల సంగతి చూద్దామని ప్రమాదంలో పడ్డ హెలికాప్టర్ తాలూకు సైనిక బెటాలియన్‌వే వేరే హెలికాప్టర్లని ఎగరేసి చూస్తే, అసలు ఎత్తుకీ మీటరు చూపేదానికీ 80 నుంచి 130 అడుగుల తేడా తేలింది. ఇక ఆ ఏడంతస్తులు ఎక్కడ మిగుల్తాయి?

2025 జనవరి 29న, రాత్రి తొమ్మిది కావస్తుండగా, విచిటా నుంచి వచ్చిన ప్రాంతీయ జెట్టునీ సైన్యం బ్లాక్ హాక్‌నీ అక్కడే మృత్యువు కలిపింది. 67 మంది పోయారు. ఆ హెలికాప్టర్లో జరుగుతున్నది నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుని పైలట్ ఏటా చేసే పరీక్ష. టవర్లో హెలికాప్టర్లనీ విమానాలనీ కలిపి ఒక్కరే చూస్తున్నారు. "ఆ జెట్టు కనిపిస్తోందా?" అని అడిగితే, కనిపిస్తోంది, మేమే చూసుకుని తప్పుకుంటాం అన్నారు హెలికాప్టర్ వాళ్ళు. సరేనన్నారు టవర్ వాళ్ళు. ఇది అప్పట్లో చట్టబద్ధమే, అక్కడ రోజూ జరుగుతుండేదే.

నా బాధంతా ఈ 'కళ్ళతో చూసుకుని తప్పుకోవడం' దగ్గరే. మనల్ని ఢీకొట్టే దారిలో ఉన్న విమానం అద్దంలో పక్కకి కదలదు. ఒకే చోట చుక్కలా నిలబడి, చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. రాత్రిపూట దాని వెనక ఊరి దీపాలన్నీ ఉంటే అందులో ఏది విమానమో, ఏది వీధి దీపమో! గాగుల్స్ పెట్టుకుంటే కనిపించే మేర ఇంకా ఇరుకు. వరసగా రెండు మూడు విమానాలు దిగుతుంటే హెలికాప్టర్ పైలట్ చూసింది టవర్ చెప్పిన విమానాన్నే అని పూచీ ఏమిటి? "దాని వెనక నుంచి వెళ్ళండి" అని టవర్ చెప్పిన మాటలో కొంత ముక్క హెలికాప్టర్ వాళ్ళ మైకు నొక్కి ఉండటంతో వాళ్ళకి వినబడకపోయి ఉండొచ్చని కూడా దర్యాప్తులో తేలింది. జెట్టులో ఢీ నివారణ యంత్రం "ట్రాఫిక్, ట్రాఫిక్" అని అరిచింది. అంతకు మించి ఎక్కు, దిగు అని చెప్పలేదు. ఇంచుమించు వెయ్యి అడుగుల కిందకొస్తే ఆ ఆదేశాలు ఇవ్వకుండా దాన్ని తయారు చేశారు. నేల దగ్గర "దిగు" అంటే ఇంకో ప్రమాదం కదా.

మాది వైజాగ్, ఎన్.ఏ.డి. కొత్త రోడ్డు దగ్గర. అక్కడి ఎయిర్‌పోర్టు నిజానికి నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగా. రన్‌వే వాళ్ళది, టవర్ వాళ్ళది. వాళ్ళ శిక్షణ వేళల్లో మన విమానాలకి సమయాలు దొరకవు, అప్పుడప్పుడూ ఆగాలి. గోవా దబోలిమ్‌లోనూ ఇదే తంతు. మా బావ ఫోన్ చేస్తే ఈ గొడవే: "ఒరేయ్, వాళ్ళు ఎగిరితే మనం ఆగడమేంట్రా?" బావా, ఆగడమే మంచిది. ఇద్దరినీ ఒకే టవర్ చూస్తూ, ఒకరు వెళ్ళాకే ఇంకొకరిని పంపితే వాళ్ళ మధ్య ఉండేది కాలం. కాలం 75 అడుగుల్లా మీటరు తప్పితే మాయమయ్యేది కాదు. అరగంట ఆలస్యానికి మనం విసుక్కుంటాం, అంతే.

అలాగని ఆకాశమంతా మిలిటరీకే రాసిచ్చేయమనీ కాదు. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద సౌదియా, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందకి దిగింది, తప్పు దానిదేనని విచారణలో తేల్చారు. కానీ ఢిల్లీ చుట్టూ చాలా భాగం వైమానిక దళం చేతిలో ఉండటంతో, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఒకే దారి మిగిలింది. ఎత్తు చూపించే రాడార్ కూడా అప్పటికి వాడుకలో లేదు. ఆ తర్వాతే దారులు వేరు చేశారు, ఢీ నివారణ యంత్రం తప్పనిసరి చేశారు.

వాషింగ్టన్‌లో ముందు తెలియక కాదు. 2021 అక్టోబర్ నుంచి 2024 డిసెంబర్ దాకా అక్కడ విమానాలూ హెలికాప్టర్లూ దగ్గరకొచ్చిన సందర్భాలు 15,214 అని ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. వాటిలో 85 సార్లు పక్కకి 1,500 అడుగుల లోపు, నిలువుకి 200 అడుగుల లోపు. లెక్క రికార్డుల్లోనే ఉంది, తీసి చూసినవాళ్ళు లేరు. ప్రమాదం తర్వాత ఎయిర్‌పోర్టు దగ్గరి ఆ దారి ముక్క మూసేశారు. 2025 మే నెలలో ఇంకోటి బయటపడింది. పెంటగన్‌కీ రేగన్ టవర్‌కీ మధ్య ఉన్న హాట్‌లైన్ 2022 మార్చి నుంచి పనిచేయడమే లేదట. మూడేళ్ళపాటు ఎవరూ ఆ ఫోన్ ఎత్తి చూడలేదంటే ఏమనాలి!

2025 జూలైలోనే నార్త్ డకోటాలోని మైనట్‌లో దిగబోతున్న డెల్టా కనెక్షన్ విమానం పైలట్ ఎదురుగా బీ-52 బాంబర్‌ని చూసి విమానాన్ని గట్టిగా తిప్పాడు. ఆ టవర్లో రాడార్ లేదు, పక్కనే ఉన్న వైమానిక స్థావరంలో ఉంది.

ఇక వైజాగ్‌కి కొత్త ఎయిర్‌పోర్టు, భోగాపురం. 2026 జనవరి 4న అక్కడ తొలి పరీక్షా విమానం దిగింది. "ఇక నేవీతో పనేముంది, మనది మనకే" అని బావ సంబరం. రన్‌వే మారినంత మాత్రాన ఆకాశం మారదు, డేగా ఎంతో దూరం కాదు. విమానయాన మంత్రిగారిది పక్కన శ్రీకాకుళమే, కాబట్టి ఎవరైనా కలిస్తే ఇవి అడగండి: రెండు టవర్లకీ ఒకే రాడార్ చిత్రం కనిపిస్తుందా? నేవీ విమానాలు తామెక్కడున్నదీ అన్నివేళలా ప్రసారం చేస్తాయా, లేక ఆ రాత్రి బ్లాక్ హాక్‌లో లాగా ఏడీఎస్-బీ అనే ఆ ప్రసారం ఉండదా? ఇద్దరూ ఒకేసారి దిగాలంటే ఎవరు ఆగాలన్నది కాగితం మీద రాసి ఉందా?