రెండు పియానోలకి ఒకటే శ్రుతి

మొన్న శనివారం సాయంత్రం మా ఊరి చర్చిలో రెండు పియానోల కచేరీ జరిగింది. ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లో చిన్న ఊరు మాది. వాయించిన ఇద్దరూ ఇక్కడివాళ్ళే. ఒకావిడ స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు, ఇంకొకాయన మా క్వయర్‌కి (అందరం కలిసి పాడే బృందానికి) ప్రతి మంగళవారం రిహార్సల్‌లో పియానో వాయిస్తారు. ఇద్దరూ ఒక్క పౌండు కూడా తీసుకోలేదు, టికెట్ల డబ్బంతా క్వయర్‌కే.

ఆ డబ్బు ఎందుకో చెప్పాలి. మా క్వయర్‌లో చేరడానికి పరీక్షేమీ ఉండదు, పాడాలని ఉంటే చాలు, ఫీజు కట్టలేనివాళ్ళు కట్టక్కర్లేదు. వాళ్ళెవరో ట్రెజరర్‌కి తప్ప ఎవరికీ తెలీదు. కానీ హాలు అద్దె, కండక్టర్ ఫీజు, స్కోర్ల (స్వరాలు రాసిన పుస్తకాల) ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా. 2021 మేలో కోవిడ్ వల్ల ఇక్కడ మాలాంటి ఔత్సాహికులు లోపల ఆరుగురికి మించి కలిసి పాడకూడదన్నారు, అప్పుడు మానేసినవాళ్ళలో కొంతమంది మళ్ళీ రాలేదట. నేను ఆ తర్వాత చేరినదాన్ని. రాజమండ్రి నుంచి వచ్చి, ఇక్కడ పలకరించే దిక్కులేని మొదటి చలికాలంలో, నా పక్కన కుర్చీ లాగి "ఇక్కడ కూర్చో" అన్నవాళ్ళు ఈ క్వయర్‌లోని ఆల్టోలే, అంటే ఆడగొంతుల్లో కింది స్థాయిలో పాడేవాళ్ళే. అందుకే ఇంత రాస్తున్నాను.

కచేరీ ఎనిమిదింటికైతే నేను పొద్దున తొమ్మిదింటికే వెళ్ళాను, కుర్చీలు వేయడానికి. అప్పటికే ట్యూనర్ పనిలో ఉన్నాడు. చర్చి పియానో పాతది, దాని శ్రుతి ఉండాల్సిన 440 (మధ్యలోని 'ఎ' స్వరం సెకనుకి 440 సార్లు కంపించాలి, ఆ లెక్క) కంటే ఒక పిసరు కిందికి దిగిపోయి ఉంది. అద్దెకి తెచ్చిన రెండోది సరిగ్గా 440 మీద ఉంది. విడివిడిగా వింటే ఏ లోపమూ తెలీదు, రెండిటి మీదా ఒకే స్వరం కలిపి నొక్కితే మాత్రం ఆ శబ్దం అలలు అలలుగా వణుకుతుంది. పాతదాన్ని పైకి లాగొచ్చు కదా అనడిగాను. లాగితే తీగలు తెగొచ్చు, తెగకపోయినా సాయంత్రానికి మళ్ళీ దిగిపోతుంది అన్నాడు. అందుకని అద్దెవాళ్ళని అడిగి మరీ కొత్తదాన్నే పాతదాని దగ్గరికి దించాడు. రెండు వందల పైచిలుకు తీగలు, ఒక్కొక్కటీ. ఎర్ర ఫెల్టు పట్టీ తీగల మధ్య దూర్చడం, తీగలు బిగించే తాళంచెవి తిప్పడం, వినడం, మళ్ళీ పిసరంత తిప్పడం. చిన్నప్పుడు మా వీధి గుళ్ళో కచేరీకి ముందు మృదంగం ఆయన రాయితో అంచుమీద తట్టి తట్టి శ్రుతి కలుపుతుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని, ఇప్పుడూ అలాగే చూశాను. కుర్చీల పని సగం వేరేవాళ్ళే చేశారు.

రెండు గ్రాండ్ పియానోలనీ ఎదురెదురుగా, ఒకదాని వంపులో ఇంకొకటి ఒదిగేలా పెడతారు. ముందున్నదాని మూత పూర్తిగా తీసేస్తారు, లేకపోతే వెనకదాని శబ్దం మనవైపు రాదు. వాయించేవాళ్ళకి ఎదుటివాళ్ళ చేతులు కనపడవు. మొహం మాత్రమే కనపడుతుంది. ఒకే పియానో మీద పక్కపక్కన కూర్చుని వాయించడంకంటే ఇది కష్టం, ఎందుకంటే పియానో తీగని సుత్తి ఒక్కసారే కొడుతుంది, వయొలిన్‌లా మెల్లగా మొదలుపెట్టి సర్దుకునే వీలు లేదు, వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండు దెబ్బలు వినిపిస్తాయి. అందుకే ప్రతి భాగానికి ముందు ఇద్దరూ కలిసి ఊపిరి పీల్చేవాళ్ళు. మూడో వరుసలో కూర్చున్న నాకు ఆ ఊపిరి వినపడింది.

మొదట మొజార్ట్ సొనాటా, 1781లో వియన్నాలో తన శిష్యురాలు యోసెఫా ఔర్న్‌హామర్‌తో కలిసి వాయించడానికి రాసుకున్నది. మొజార్ట్ వింటే పిల్లలకి తెలివి పెరుగుతుందని మన ఇళ్ళలో కూడా నమ్ముతారు కదా, దానికి మూలం ఈ సొనాటానే. 1993లో కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు ఇది వినిపించి పరీక్ష పెట్టారు, ఆకారాల లెక్కల్లో కొంచెం మెరుగుదల కనిపించింది, అదీ ఓ పావుగంటే. పసిపిల్లల ఊసే అందులో లేదు. తెలివి సంగతి పక్కన పెట్టి వినండి. ఒకరు అడిగిన మాటకి ఇంకొకరు ఇంకో రెండు మాటలు కలిపి జవాబు చెప్తుంటారు, జుగల్బందీలోలాగే.

తర్వాత పోలండ్ స్వరకర్త లుటొస్వావ్‌స్కీ. నన్ను బాగా పట్టుకున్నది ఇదే. జర్మన్ల ఆక్రమణలో వార్సాలో కచేరీలు నిషేధిస్తే ఈయన, మిత్రుడు పానుఫ్నిక్ కలిసి కాఫీ హోటళ్ళలో రెండు పియానోల మీద వాయించుకుని బతికారు. అలా తయారుచేసుకున్న దాదాపు 200 రచనలూ 1944 తిరుగుబాటులో పోయాయి. మిగిలింది 1941 నాటి ఈ పగనీని వేరియేషన్లు (వయొలిన్ విద్వాంసుడు పగనీని ట్యూన్‌ని రకరకాలుగా మార్చి రాసినవి) ఒక్కటే. ఐదారు నిమిషాలుంటుందంతే. అది వాయిస్తున్నంతసేపూ ఆ పోయినవాటి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇంటర్వెల్‌లో టీ, కేకులు. ఆ తర్వాత మా వంతు.

మేము పాడింది ఇటలీ స్వరకర్త రోసీని 'చిన్న మాస్'లోని మొదటి భాగం, కిరియె. మాస్ అంటే చర్చి ఆరాధనలోని ప్రార్థనలకి కట్టిన సంగీతం. ముసలితనంలో, 1863లో, కొద్దిమంది గాయకులకి, రెండు పియానోలకి, ఒక హార్మోనియంకి రాశాడు. హార్మోనియం అంటే మన భజనల్లో వాయించే చేతిపెట్టె కాదు, కాళ్ళతో తొక్కేది. ఇది ఆర్కెస్ట్రాకి డబ్బుల్లేక మేం కుదించుకున్నది కాదు, ఆయన అడిగిందే రెండు పియానోలు. ఇందులో మధ్యలో పియానోలు పూర్తిగా ఆగిపోతాయి. 'క్రిస్తె' (క్రీస్తూ) అని మేమొక్కళ్ళమే, ఏ ఆసరా లేకుండా పాడాలి, చివర్లో పియానోలు మళ్ళీ వస్తాయి. ఈలోపు మా శ్రుతి జారిందా, ఆ మొదటి స్వరంతోనే చర్చి అంతటికీ తెలిసిపోతుంది. రిహార్సల్స్‌లో ప్రతిసారీ జారింది. నాకు పొద్దుట్నుంచీ టెన్షన్ దాని గురించే.

శనివారం జారలేదు. గంటసేపు వాళ్ళిద్దరూ ఒకర్నొకరు వినడం చూశాక మేమూ అలాగే పక్కవాళ్ళని విన్నాం, ఎవరూ గొంతు పెంచలేదు. పియానోలు తిరిగొచ్చిన చోట స్వరం మా స్వరంలోకి వచ్చి కూర్చుంది. నా పక్కన ఎనభై దాటిన ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, పాడటం ఆపకుండానే.

అయిపోయాక తీసిన మూత మళ్ళీ బిగించడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది. అద్దె పియానో మర్నాడు వెళ్ళిపోయింది, ట్యూనర్ దాన్ని మళ్ళీ 440కి ఎక్కిస్తాడట. ఈ మంగళవారం ఏడున్నరకి ఆ మాస్‌లోని తర్వాతి భాగం, గ్లోరియా మొదలుపెడుతున్నాం.