గొళ్లెం విరిగిన రేకు పెట్టె

1987లో తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులు అయిపోయి హన్మకొండ హాస్టల్‌కు తిరిగొచ్చినప్పుడు నా రేకు పెట్టెలో రెండు డబ్బాల సకినాలున్నాయి. జమ్మికుంట దగ్గరి మా ఊళ్లో అమ్మ, పెద్దమ్మ కలిసి చేసినవి. తెల్ల గుడ్డ పరిచి, నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య నుంచి జారుస్తూ మూడు నాలుగు చుట్లు చుట్టి, తడి ఆరాక నూనెలో కాల్చేవాళ్లు. ఫిబ్రవరి దాకా రావాలని రోజుకు రెండు చొప్పున తీసుకునేవాణ్ని.

మూడో రోజు బడి నుంచి వచ్చేసరికి పెట్టె గొళ్లెం విరిగి ఉంది. డబ్బాల అడుగున పొడి మాత్రం మిగిలింది. ఎవరి పనో గదిలో అందరికీ తెలుసు. వెళ్లి అడిగాను. పది మంది ముందు చేతి వెనక వైపుతో నా కుడి చెంప మీద ఒక్కటిచ్చాడు. దెబ్బ సాయంత్రానికే తగ్గింది. పక్కనున్న వాళ్ల నవ్వు చాలా రోజులు చెవుల్లోనే ఉంది.

"రెండో చెంప కూడా చూపియ్యాల్నా సార్?" అని వార్డెన్ సార్ దగ్గర ఏడ్చాను. కుడి చెంప మీద కొట్టినవాడికి రెండో చెంప కూడా తిప్పమని యేసు చెప్పిన మాట బైబిల్‌లో మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉంది. ఆయన నన్ను కూర్చోబెట్టి యోహాను సువార్త 18వ అధ్యాయం తీయించారు. ప్రధాన యాజకుడి ఎదుట ఒక బంట్రౌతు కొడితే యేసు మౌనంగా ఉండలేదు. నేను తప్పు మాట్లాడితే అదేంటో చెప్పు, సరిగ్గా మాట్లాడితే ఎందుకు కొడుతున్నావు అని అడిగాడు. "నువ్వూ అడుగు బిడ్డా, తిరిగి మాత్రం కొట్టకు" అన్నారు సార్. కుడి చేతివాటం మనిషి ఎదుటివాడి కుడి చెంప మీద కొట్టాలంటే చేయి వెనక్కి తిప్పాలి, అది అవమానించే దెబ్బ అని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. పెద్దయ్యాక అది చదివినప్పుడు నా చేయి దానంతటదే చెంప మీదికి పోయింది.

ఫిబ్రవరిలో వాడికి తల్లి (ఆటలమ్మ) పోసింది. విడి గదిలో పడుకోబెట్టారు. నాకు చిన్నప్పుడే పోసింది కాబట్టి జావ ఇచ్చి వచ్చే పని సార్ నాకు అప్పజెప్పారు. నీ శత్రువు ఆకలిగొంటే భోజనం పెట్టు, అలా చేస్తే అతని తల మీద నిప్పులు కుప్పగా పోస్తావు అని అపొస్తలుడు పౌలు రాసిన రోమా పత్రిక 12వ అధ్యాయంలో ఉంది కదా. ఆ నిప్పుల మీద ఆశతోనే వెళ్లేవాణ్ని. వాడు జావ తాగుతుంటే తల వైపే చూసేవాణ్ని.

నాలుగో రోజు సార్‌కు ఆ మాట చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. అది పౌలు సామెతల గ్రంథం 25వ అధ్యాయం నుంచి తీసుకున్న మాటని చూపించారు. ఆ నిప్పులు అవతలివాడిలో పుట్టే పశ్చాత్తాపమని పూర్వకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ చెప్పాడట. రోమా పత్రికలో దాని తర్వాతి వచనం చదవమన్నారు. కీడు చేత జయింపబడక, మేలు చేత కీడును జయించుము. "జావ ఇచ్చుకుంట మనసుల వాణ్ని కాలుస్తున్నవంటే, ఎవరు గెలిచినట్టురా?"

ఆ రాత్రి వాడి గొంతులో కూడా పొక్కులు లేచాయి. వేడిది మింగలేకపోయాడు. రెండు స్టీలు గ్లాసుల మధ్య జావను అటూ ఇటూ పోస్తూ చల్లార్చి, చెంచాతో పట్టాను. ఒక్కో గుటకకు కళ్లు మూసుకునేవాడు. తిరిగి గదికి వస్తుంటే గుర్తొచ్చింది, తల వైపు చూడటం మర్చిపోయానని.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషిని, కూలి ఎగ్గొట్టబడ్డ మనిషిని ఈ వాక్యాలు చూపించి నోరు మూయించేవాళ్లను చూశాను. అది తప్పు. మీ చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండండి అని పౌలు అక్కడే రాశాడు. మన చేతిలో లేనిది కూడా ఉంటుందని ఆయనకు తెలుసు.

సకినాల మాట వాడు ఎన్నడూ ఎత్తలేదు. పదో తరగతి పరీక్షలయ్యాక కాజీపేట స్టేషన్‌లో నేను వద్దంటున్నా నా పెట్టె అందుకుని ప్యాసింజర్ దాకా మోశాడు. విరిగిన గొళ్లేనికి నేను చుట్టిన ఇనుప తీగ గుచ్చుకుంటుంటే, చేయి మార్చుకుంటూ మోశాడు.