డ్రైవ్ లేకుండానే కూసిన నా లీనియర్: నా అనుభవం

హామ్ రేడియోలో నలభై మీటర్ల బ్యాండ్‌కి (7 మెగాహెర్ట్జ్ దగ్గర) కిట్ బోర్డు కొని, రెండు ఐఆర్‌ఎఫ్ 510 మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లని పుష్‌పుల్‌లో జతచేసి కట్టిన లీనియర్, అంటే ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్, నిన్న రాత్రి ఎట్టకేలకు దారికొచ్చింది. కసి చల్లారకముందే రాసేస్తున్నా.

కాయిల్స్ చుట్టడం, మైకా వాషర్లు పెట్టి హీట్‌సింక్‌కి బిగించడం, లోపాస్ ఫిల్టర్... వీటితో పేచీ లేదు. పేచీ అంతా బయాస్‌తోనే, అంటే సిగ్నల్ లేనప్పుడు ట్రాన్సిస్టర్లలో ఎంత కరెంట్ పారాలో సెట్ చేసే వోల్టేజీతోనే. దాన్ని సెట్ చేసే ప్రీసెట్ కొంచెం తిప్పగానే, డ్రైవ్ (ఇన్‌పుట్ సిగ్నల్) ఇవ్వకుండానే, అమ్మీటర్ ముల్లు ఒక్క ఉదుటున ఆంపియర్ దాటేది. పక్కన రేడియోలో 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ ఆకాశవాణి పెడితే వార్తలకు బదులు కీచుమని కూత! మాస్‌ఫెట్లకి కింది ఫ్రీక్వెన్సీల్లో గెయిన్ ఎక్కువ. డ్రెయిన్ (మాస్‌ఫెట్ అవుట్‌పుట్ కాలు) దగ్గరి చోకూ, సప్లై కెపాసిటర్లూ కలిసి మీడియం వేవ్‌లో ట్యూనయ్యాయి, దాంతో లీనియర్ తనంతట తానే అక్కడ సిగ్నల్ పుట్టించింది. సప్లై దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పక్కనే పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వేసి, డ్రెయిన్ నుంచి గేట్‌కి (ఇన్‌పుట్ కాలు) రెసిస్టర్, కెపాసిటర్ సిరీస్‌లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక కూత పోయింది.

ముల్లు ఎగరడం మాత్రం పోలేదు.

తెలిసినాయన చెప్పాడని ఒక కాలేజీ ల్యాబ్‌కి పట్టుకెళ్లా. అక్కడి సారు 20 మెగాహెర్ట్జ్ దాకా చూపే ఆసిలోస్కోప్ తగిలించారు. గీత తిన్నగా ఉంది. "చూశారా, బజార్లో దొరికిన ట్రాన్సిస్టర్లు కొంటే ఇలాగే ఏడుస్తుంది" అని నన్ను చూపించి పిల్లలకి పాఠం చెప్పారు. మరి కరెంట్ ఎందుకు లేస్తోందండీ అంటే, "లీకేజీ. కొత్తవి వేసుకో". వాళ్లందరి ముందే హీట్‌సింక్ మీద వేలు పెట్టా, ముల్లు పడిపోయింది. తీశా, మళ్లీ లేచింది. "లీకేజీ వేలికి భయపడుతుందా సార్?" అన్నా. క్లాసుకి టైమైందని లేచిపోయారు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు, ఆయన్ని చూసో నన్ను చూసో తెలీదు. తలకాయ కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్‌కి (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్) జానెడు వైరు కట్టి దగ్గర పెట్టా. 120 మెగాహెర్ట్జ్ దగ్గర లావుపాటి దిమ్మె! అంటే లీనియర్ ఈసారి అక్కడ తనంతట తానే కొట్టుకుంటోంది, సిగ్నల్ పుట్టిస్తోంది. వేలు పెడితే పక్కకి జరుగుతోంది. ఇది ఆ స్కోప్‌కి ఎలా కనిపిస్తుంది? పైగా అది విమానాలు మాట్లాడుకునే బ్యాండ్. గుండె గుభేల్‌మని వెంటనే సప్లై పీకేశా.

కారణం కిట్ బోర్డే. గేట్‌కి వెళ్లే ట్రాక్‌ని అంగుళంన్నర సాగదీశారు, గ్రౌండ్‌కి వెళ్లే కాలు సోర్స్‌ని సన్నటి గీతతో ముడేశారు. అంత ఫ్రీక్వెన్సీలో ఈ గీతలే కాయిల్స్‌లా పనిచేస్తాయి. ట్రాక్‌ని గేట్ కాలు మొదట్లోనే కోసి, అక్కడ 10 ఓమ్స్ రెసిస్టర్, ఒక ఫెర్రైట్ బీడ్ (హై ఫ్రీక్వెన్సీని అణిచే చిన్న పూస) వేశా. సోర్స్ కాళ్లని వెడల్పాటి రాగి రేకుతో గ్రౌండ్‌కి అతికించా. ఇప్పుడు ప్రీసెట్ తిప్పితే ముల్లు నెమ్మదిగా, నేను చెప్పినంతే కదులుతోంది.

ఎవరైనా ట్రాన్సిస్టర్లు మార్చమంటే ముందు "ఏ ఫ్రీక్వెన్సీలో కొట్టుకుంటోంది?" అని అడగండి. జవాబు లేకపోతే వాళ్ల మాట వినకండి, ఎంత పెద్ద సారైనా సరే. నేను కొత్తవి ఒక్కటీ వెయ్యలేదు, మొదటి జతే ఇంకా నడుస్తోంది.

బోర్డు అమ్మినవాళ్లకి ఫొటోలతో సహా పంపా. "మిగతా అందరికీ బాగానే పనిచేస్తోంది సార్" అని జవాబొచ్చింది.